తెగిన పోగు, జగిత్యాల ప్లేటు

నేను అన్నం తినే స్టీలు ప్లేటు అంచు మీద "పద్య వ్యాఖ్యానంలో ప్రథమ బహుమతి, జగిత్యాల" అని చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. కింద నా పేరు, రాజేశం, సిరిసిల్ల. ఈ ప్లేటు కథ కోరుట్లలో నన్ను ఎరిగిన ప్రతి మనిషికీ తెలుసు. పదో తరగతిలో పద్యానికి తప్పు అర్థం చెప్పిన పండితుణ్ణి నేను నిండు క్లాసులో లేచి నిలదీశానని, ఆయనకు మాట పెగలక కండువాతో మొహం తుడుచుకున్నాడని, "నువ్వు నాకే పాఠం చెప్పినవురా" అని మెచ్చుకుని నన్నే జగిత్యాల పోటీకి పంపాడని, అక్కడ చప్పట్లు ఆగకపోతే స్వయంగా కలెక్టరు లేచి చెయ్యెత్తి ఆపాడని. కలెక్టరు మొదట్లో ఈ కథలో లేడు. నేను రిటైరైన ఏడాది వచ్చి చేరాడు. చెప్పగా చెప్పగా ఆయన మీసకట్టు కూడా నాకు కనబడటం మొదలైంది. ముప్పై ఏళ్లకు పైగా బుగ్గారంలో, వెల్గటూర్‌లో, చివరికి కోరుట్లలో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి కథ చెబితే కాదనేదెవరు? మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ ప్లేటు తోమేటప్పుడు అక్షరాల మీద పీచు గట్టిగా రుద్దేది. ఆమెకేదో అనుమానం ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

మొన్నటి దాకా కథ అట్లాగే నడిచింది. మా మనుమరాలు వర్షిణి పదో తరగతి, ఇక్కడే కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో. వాళ్ల నాన్న మస్కట్‌లో ఉంటాడు కాబట్టి బడివాళ్లు పిలిచినప్పుడల్లా పోయి చేతులు కట్టుకుని కూర్చునేది నేనే. ఆ బడిలో బాగా చదివే పిల్లల్ని కొందరిని విడదీసి "అడ్వాన్స్‌డ్ తెలుగు" అని ఒక బ్యాచి పెట్టారు. పేరు విని నేను పొంగిపోయాను. ఒకరోజు సాయంత్రం పిల్ల వచ్చి బ్యాగు గోడకేసి కొట్టి, ఒక జవాబు పత్రం నా ఒళ్లో పడేసింది. పేజీ ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత. పద్యం నాకు తెలిసిందే. స్నేహాన్ని నేతగాని పోగుతో పోల్చిన పాత పద్యం. బడివాళ్లు అచ్చువేసి ఇచ్చిన మెటీరియల్‌లో దాని భావం ఇట్లా ఉంది: పోగు ఒక్కసారి తెగితే ఇక అతకదు, నేతగాడు ఆ గుడ్డనే వదిలేస్తాడు, స్నేహం కూడా అంతే. మా పిల్ల ఏం రాసిందంటే: "ఈ కవి మగ్గం దగ్గర కూర్చోలేదేమో. సిరిసిల్లలో మా చిన్నతాత ఇంట్లో చూశాను. పోగు రోజంతా తెగుతూనే ఉంటుంది, అతుకుతూనే ఉంటారు. ముందు నుంచి చూస్తే అతుకు కనబడదు. వెనక చెయ్యి పెడితే తగులుతుంది. స్నేహం కూడా అట్లాగే ఉంటుందని నాకు అనిపించింది." దాని కింద ఎర్రసిరాతో "సొంత కవిత్వం వద్దు. మెటీరియల్ చూడు" అని. మార్కు సున్నా.

నాకు అరికాళ్ల నుంచి మండింది. పదిహేనేళ్ల పిల్ల పద్యాన్ని కళ్లతో చూసి, చేత్తో తడిమి నాలుగు వాక్యాలు రాస్తే దాన్ని కొట్టేసే చెయ్యి ఎవరిది? వేలు చూపించి నిలదీసి వద్దామని మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. తెలుగు చెప్పేది స్రవంతి అని, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. నన్ను చూసి లేచి వంగి కాళ్లు ముట్టుకుంది. అది కూడా నా కోపాన్ని ఆపలేదు.

"ఏందమ్మా ఇది? పొల్ల కండ్లతోని చూసింది రాస్తె సున్న వెడ్తవా?"

"సార్, ముందుగాల కూసోండ్రి. చాయ్ తాగుతరా?"

"చాయ్ వద్దు, గీయ్ వద్దు. గీ మెటీరియల్ల భావం ఎవడు రాసిండో చెప్పు. వాడు జన్మల మగ్గం మొహం జూసిండా? వాని సంగతి నేను జూస్త."

స్రవంతి బీరువా తీసి, గోధుమరంగు అట్ట వేసిన పాత నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "మీరే చెప్పిన్రు సార్. పరీక్షల తప్పక వస్తదని మూడుసార్లు రాయించిన్రు. నేను దాసుకున్న. మెటీరియల్ల ఏసింది గిదే." అక్షరం పొల్లు పోకుండా అదే భావం. పక్కన ఎర్రసిరాతో రైటు గుర్తు. దాని కింద నా సంతకం, తోక ఇంత పొడుగున లాగి. ఆ రోజుల్లో నా సంతకం మీద నాకు మహా మోజు.

ఆ నోటుబుక్కు ముందు కూర్చున్న నాకు ముక్కుకు గంజి వాసన తగిలింది. సిరిసిల్లలో మా వాడంతా అదే వాసన. మా అవ్వ, అంటే అమ్మ, పొద్దున లేస్తూనే నూలుకు గంజి కాచేది. ఆ కుండ దించాకే మాకు తినే జొన్న గట్క కుండ పొయ్యి ఎక్కేది. అందుకని ఆకలి వేసినప్పుడల్లా ఇప్పటికీ నాకు ముందు గంజి వాసన గుర్తొస్తుంది, తర్వాతే అన్నం. మా నాన్నది గుంట మగ్గం. కాళ్లు గుంతలో పెట్టి కూర్చుంటే నడుం పైభాగమే కనబడేది. చిన్నప్పుడు మా నాన్న సగం మనిషేనని, మిగతా సగం రాత్రి పడుకునేటప్పుడు వస్తుందని అనుకునేవాణ్ణి. ఆయనకో అలవాటు ఉండేది. నేసిన బట్టను కళ్లతో చూసేవాడు కాదు. కళ్లు మూసుకుని చేతి వేళ్ల వెనకభాగంతో అడుగున నిమిరేవాడు. ఎక్కడైనా అతుకు లావుగా తగిలితే అక్కడ ఆగి, నా వైపు చూడకుండానే, "గిది నీదే గదరా" అనేవాడు. ఎందుకంటే ఆయన గట్క తినడానికి లేచినప్పుడు ఆ కాసేపు మగ్గం మీద తెగిన పోగులు అతికే పని నాది. బడికి పోయే ముందు అయిదారైనా అతికేవాణ్ణి. నాకంత బాగా వచ్చిన పని మరొకటి లేదు. పద్యాలు తర్వాత నేర్చుకున్నాను, పోగు ముందు నేర్చుకున్నాను. ఇది అబద్ధం కాదు.

మా హైస్కూల్లో పదో తరగతి వాళ్లలోంచి పదకొండు మందిని ఏరి, బడి గంటకు ముందే "స్పెషల్ తెలుగు" అని ఒక క్లాసు పెట్టారు. చెప్పేది ఒక పెద్దాయన, మడత నలగని కండువా వేసుకునేవాడు. మెచ్చుకోవలసిన చోట మెచ్చుకోవాలి కాబట్టి చెబుతున్నాను, ఆయన పద్యం చదివితే గదిలో ఈగ కూడా ఆగి వినేది. అంత గొంతు. చదవడం అయిపోయాక మాత్రం జేబులోంచి చిన్న పుస్తకం తీసి భావం చెప్పేవాడు. అక్కడితో పద్యం చచ్చిపోయేది. ఆ భావం ఊపిరి తీసుకునే చోటుతో సహా అప్పజెప్పాలి. మధ్యలో ఒక మాట మారితే మళ్లీ మొదటి నుంచి. నీకేమనిపించిందిరా అని ఆ మనిషి ఏడాది మొత్తంలో ఒక్కసారి అడిగింది లేదు. అడవిని చూపించి, చెట్ల పేర్లు అప్పజెప్పమని, లోపలికి అడుగు పెడితే కాళ్లు విరగ్గొడతానన్నట్టు ఉండేది ఆ చదువు.

పదకొండు మందిలో ఒక్కతే ఆడపిల్ల, అనసూర్య. వాళ్ల నాన్న పడుగులు అతికేవాడు, ఆ పిల్ల ఆయన్ను బాపు అనేది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయినప్పుడు కొత్త పడుగు తెచ్చి, పాతదాని ప్రతి పోగు కొసకూ కొత్త పోగు కొస కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలివేసేవాడు. వేల పోగులు, ఒక్కొక్కటీ చేత్తోనే. ఇంటింటికీ పోయి చేసే పని అది. అనసూర్యకు సారు గొంతు లాంటి గొంతు ఉండేది. ఇంకా బాగుండేదేమో. జగిత్యాలలో జిల్లా పోటీ ఉందని, మా బడి నుంచి అనసూర్యను పంపుతున్నానని సారు ముందురోజే చెప్పాడు. నాకు ఆ రోజు గట్క దిగలేదు. ఇది కూడా అబద్ధం కాదు.

మర్నాడు క్లాసులో వచ్చింది ఆ పద్యం. సారు పాడాడు, చిన్న పుస్తకం తీశాడు, పోగు తెగితే అతకదన్నాడు. అనసూర్య లేచింది.

"సార్, అతుకుతది సార్."

"ఏమన్నవ్?"

"తెగిన పోగు అతుకుతది సార్. మా బాపు చేసేదే గా పని. వేళ్లకు బూడిద వెట్టుకోని గిట్ల మెలేస్తడు. అతకకపోతె మేం ఏం తింటం సార్?"

చివరి మాటకు అందరూ నవ్వారు. నవ్విన పదిమందిలో ఎనిమిది మందివి మగ్గాల ఇండ్లే. సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు కిటికీలోంచి లోపలికి వస్తుండగా, పోగు అతకదని ఒక మనిషి చెబుతుంటే మేం తల ఊపుతున్నాం. ప్రపంచంలో ఇంకెక్కడైనా ఇట్లాంటి వెర్రితనం జరిగి ఉంటుందా? సారుకు నవ్వు రాలేదు. "ఇది సాహిత్యం. మీ ఇంటి పని కాదు" అన్నాడు. అనసూర్య కూర్చోలేదు. సారు గది అంతా చూసి, నా మీద చూపు ఆపాడు. "రాజేశం, నువ్వు చెప్పురా. మీ నాయిన మగ్గం నేస్తడు గద. అతుకుతదా?"

అనసూర్య నా వైపు తిరిగింది. ఆ మొహంలో భయమే లేదు. ఎందుకుంటుంది? ఆ వారం వాళ్ల బాపు పడుగు అతుకుతున్నది మా ఇంట్లోనే. పొద్దున ఆయనకు సద్ది తెచ్చినప్పుడు నేను ఆయన పక్కన కూర్చుని పోగులు అందిస్తుంటే ఆ పిల్ల చూసింది. నా గోళ్లలో బూడిద ఇంకా అట్లాగే ఉంది. చెయ్యి బల్ల కిందికి లాగేసుకున్నాను.

"అతకదు సార్" అన్నాను.

అంతే. లేచి నిలదీసింది ఆమె. మొహం తుడుచుకున్నది కూడా ఆమే, సారు కాదు. "పద్యం అర్థం గానోళ్లకు స్పెషల్ క్లాసు ఎందుకు? రేపటి నుంచి మామూలు క్లాసుల కూసో" అని ఆమెను, "జగిత్యాలకు నువ్వు తయారుగుండు" అని నన్ను, ఒక్క ఊపిరిలో అన్నాడు. సాయంత్రం ఇంటికి పోయేసరికి వాళ్ల బాపు ఇంకా మా మగ్గం ముందే వంగి ఉన్నాడు. "ఇయ్యాల ఏం జెప్పిండు మీ సారు?" అని అడిగాడు, తలెత్తకుండా, మెలివేస్తూనే. "స్నేహం గురించి" అన్నాను. "మంచిగ సదువుకో కొడుకా. గా పోగు అందియ్యి" అన్నాడు. అందించాను. అతికాడు.

జగిత్యాలలో చప్పట్ల సంగతి కూడా చెప్పేస్తాను. ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒకాయన కునుకు తీస్తున్నాడు. నేను చిన్న పుస్తకంలోని భావం ఒక్క మాట తప్పకుండా, ఊపిరి తీసుకునే చోటు తప్పకుండా అప్పజెప్పాను. అందుకే ప్లేటు ఇచ్చారు. కలెక్టరు లేడు. కలెక్టరు కారు కూడా లేదు.

నా కోపమంతా ఆ సారు మీద పెట్టి ఊరుకుంటే హాయిగా ఉండేది. ఆయన పోయి చాలాకాలమైంది, ఎదురు చెప్పడు. కానీ ఆయనకు మగ్గం తెలియదు. నాకు తెలుసు. తెలిసి, నేను టీచరునై, ఏటా ఆ పద్యం వచ్చినప్పుడల్లా అదే భావం రాయించాను. బుగ్గారంలో ఒక పిల్లవాడు "గట్ల కాదు సార్" అని నోరు తెరిస్తే "మార్కులు కావాల్నా, వద్దా?" అన్నాను. వాడు నోరు మూసుకున్నాడు. నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. ఇప్పుడు స్రవంతి నోటుబుక్కులోంచి అది అచ్చుకెక్కి, రంగు అట్ట వేసుకుని, "అడ్వాన్స్‌డ్" అని పేరు పెట్టుకుని వచ్చి నా మనుమరాలి పేజీకి అడ్డగీత కొట్టింది. ఒక పిరికివాడు చెప్పిన అబద్ధం ఇంత కాలం నడిచి తిరిగి తిరిగి వాడి ఇంట్లోకే వచ్చింది. సాహిత్యం క్లాసు అంటే మనిషికి మాట వచ్చే చోటు అని నేను వీడ్కోలు సభల్లో ఎన్నిసార్లు అనలేదు! నోరు మూయించడానికే జీతం తీసుకున్నాను.

స్రవంతి దగ్గర ఎర్రపెన్ను అడిగి తీసుకుని, ఆ నోటుబుక్కులో నా రైటు గుర్తు కొట్టేసి, "ఇది తప్పు" అని రాసి సంతకం చేశాను. ఈసారి తోక లాగలేదు. స్రవంతి అది చదివి నెమ్మదిగా అంది: "సరే సార్. మరి పరీక్షల పొల్లలు గిది రాస్తె మార్కులు ఎవరిస్తరు?" నేను పెన్నుకు మూత పెట్టి ఆమెకు తిరిగిచ్చాను. ఆ ప్రశ్న ఇంకా మండిస్తోంది.

ఇంటికి వచ్చి వర్షిణికి అంతా చెప్పాను. కలెక్టరు లేడన్నప్పుడు ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. చివరికి ఒకటే అడిగింది. "తాతా, మరి అనసూర్య ఎటువోయింది?"

ఎటూ పోలేదు. సిరిసిల్లలోనే ఉంది. పెండ్లికో, చావుకో ఊరికి పోయినప్పుడల్లా నేనే ఆ గల్లీ తప్పించి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఆదివారం ప్లేటు కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుని, పిల్లను తీసుకుని బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించి వర్షిణి కిటికీ పక్కన కూర్చుంది. టికెట్ కొన్న నేను కథలాపూర్, రుద్రంగి దాటేదాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు అది న్యాయంగానే అనిపించింది.

అనసూర్య ఇంటి వెనక రేకుల షెడ్డు. చేతిమగ్గాలు పోయి ఎప్పుడో సాంచెలు వచ్చాయి, మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఆగి ఉన్న ఒక సాంచె వెనక కూర్చుని ఆమె కొడుకు కొత్త పడుగు అతుకుతున్నాడు. పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. మిగతా సాంచెలన్నీ నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి చేరదు. ఆమె నన్ను ఆనవాలు పట్టి స్టూలు చూపించింది. నేను కూర్చోకుండా దారంతా కూర్చుకున్న మాటలు గట్టిగా అరిచాను. రెండు మూడుసార్లు అరిచాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. "నేను నీ మీద అబద్ధం చెప్పిన!" అన్న నా కేక ఒక్కటే షెడ్డంతా వినబడింది. పనివాళ్లు తిరిగి చూశారు. ఒకతను నవ్వాడు.

"ఎరికే" అంది అనసూర్య.

"ఎరికేనా?"

"ఎందుకు ఎరుక లేదు? పొద్దుగాల్నే మా బాపు పక్కన పోగులు అందిస్తుంటివి. చెయ్యి బల్ల కిందికి గుంజుకున్నది గూడ చూసిన."

"నా మూలంగ నీ సదువు వోయింది అనసూర్యా." ఈ మాట కోసం నేను రాత్రింబవళ్లు తయారయ్యాను. గొంతు కూడా కొంచెం వణికించాను.

"నీ మూలంగనా? గంత పెద్దోనివా నువ్వు?" అంది ఆమె. "మా అవ్వకు పానం బాగలేక ఇంటికాడ ఉన్న. నువ్వన్న మాటకు బడి ఇడిచిపెడ్తనా?" కొడుకు చేతుల వంక చూసింది. "గని జగిత్యాల జూద్దునుంటి. కిటికి పక్క సీటు కావాల్నని మా బాపుకు చెప్పి పెట్టుకున్న. రెండు జడలు ఏసుకోను రిబ్బన్లు గూడ దాసి పెట్టుకున్న."

"ఆ తర్వాత పోలేదా అమ్మమ్మా?" అని వర్షిణి అడిగింది.

"పోయిన బిడ్డా, మస్తుసార్లు. పెండ్లిళ్లకు పోయిన, దవాఖానకు పోయిన. గప్పుడు పోలేదు."

మాట్లాడితే మళ్లీ ఏదో ఒకటి పెంచి చెబుతానని భయమేసింది. వర్షిణి తన జవాబు పత్రం తీసి చదివి వినిపించింది. కొట్టేసిన ఆ నాలుగు వాక్యాలను అనసూర్య చెవి ఒగ్గి వింది. సున్నా వచ్చిందంటే "అయ్యో" అనలేదు. "వెనక చెయ్యి వెడితె తగుల్తదని రాసినవ్ గద, గదొక్కటి తప్పు బిడ్డా" అంది. "మంచిగ అతికితె వెనక గూడ తగలది. మీ తాత అతికింది తగుల్తుండె. మా బాపు రోజూ నవ్వుతుండె గా ముచ్చటకు." పిల్ల వెంటనే పెన్ను తీసి, ఆ వాక్యం పక్కన రాసుకుంది. నేను ఇన్నేళ్లు చెప్పిన ఏ పాఠానికీ ఏ పిల్లా అంత ఆత్రంగా పెన్ను తీయలేదు.

సంచిలోంచి ప్లేటు తీసి ఆమె చేతిలో పెట్టాను. "గిది నీది."

అద్దాలు సర్దుకుని అంచు చుట్టూ తిప్పి తిప్పి చదివింది. చిన్నప్పటి ఆ గొంతే, కొంచెం బొంగురుపోయింది. ప్రథమ బహుమతి అన్నచోట ఆగింది. "నీ పేరే ఉన్నది గద. నాదెట్లయితది?" అంది. ఇచ్చేస్తుందేమోనని చెయ్యి చాపాను కూడా. ఆమె ఇవ్వలేదు. కొడుకు పక్కనున్న చిప్ప వంక చూసి, "గా చిప్ప పలిగిపోయింది, బూడిదంత కింద వడ్తున్నది" అని, చిప్పను ప్లేటులోకి బోర్లించి, అరచేత్తో సాపు చేసి, సాంచె కిందికి తోసింది. కొడుకు మాత్రం ప్లేటూ చూడలేదు, దాని మీది పేరూ చూడలేదు. బూడిదలో వేళ్లు అద్దుకుని, తెగి వేలాడుతున్న పాత పోగును ఒక చేత్తో, కొత్త పోగును ఒక చేత్తో పట్టుకుని మెలివేశాడు.